ఈ పేషెంట్ ఎవరి పేషెంట్? నర్సులు వందేళ్లుగా అడుగుతున్న ప్రశ్న

ఈ ఎపిసోడ్‌లో రాజుల్లేరు, యుద్ధాల్లేవు. ఒక ఫోన్ కాల్ చరిత్ర చెప్పబోతున్నా.

సీన్ ఊహించుకోండి. రాత్రి రెండున్నర. హాస్పిటల్ వార్డు. బెడ్ మీద ఉన్న పేషెంట్‌కి ఉన్నట్టుండి బీపీ పడిపోతోంది. సిస్టర్ ఫోన్ తీసింది. ఎవరికి చెయ్యాలి? అడ్మిట్ చేసిన పెద్ద డాక్టర్‌కా? ఆయన ఇంట్లో నిద్రపోతున్నాడు. డ్యూటీ డాక్టర్‌కా? ఆయన ఈ పేషెంట్‌ని ఒక్కసారి కూడా చూడలేదు. కిడ్నీ డాక్టర్‌కి చేస్తే "ఇది గుండె వాళ్లని అడగండి" అంటారు. గుండె వాళ్లకి చేస్తే "మేం ఒపీనియన్ ఇచ్చాం అంతే, కేసు మాది కాదు" అంటారు. ఈలోపు టైమ్ పోతోంది. రేపు ఏదన్నా అయితే మొదటి ప్రశ్న వచ్చేది మాత్రం సిస్టర్‌కే: "నువ్వేం చేస్తున్నావమ్మా అప్పుడు?"

ఇది ఏ ఒక్క హాస్పిటల్ సమస్యో కాదు. ప్రపంచం మొత్తం మీద నర్సులకున్న పాత చికాకు ఇది. దీని కోసం కోర్టు కేసులు నడిచాయి, చట్టాలు వచ్చాయి, ప్రాణాలు కూడా పోయాయి. ఈ కథ ఎక్కువగా అమెరికాలో నడిచింది, అక్కడి రికార్డులు బాగా దొరుకుతాయి. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

హాస్పిటల్ ఎవరిది, డాక్టర్ ఎవరు?

ముందు ఒక బేసిక్ విషయం అర్థం చేసుకోవాలి. 1900ల మొదట్లో అమెరికాలో హాస్పిటల్ అంటే దాదాపు ఒక లాడ్జి లాంటిది. బెడ్, తిండి, నర్సింగ్ హాస్పిటల్ ఇస్తుంది. వైద్యం మాత్రం బయటి నుంచి వచ్చే డాక్టర్ చేస్తాడు. చాలామంది డాక్టర్లు హాస్పిటల్ ఉద్యోగులు కారు. నర్సు మాత్రం ఉద్యోగి. అంటే నర్సుకి జీతం ఇచ్చేది ఒకరు, ఆర్డర్ ఇచ్చేది ఇంకొకరు. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే మేనేజర్ ఒక కంపెనీ, క్లయింట్ ఇంకో కంపెనీ, మధ్యలో నలిగేది మనం.

ఇప్పుడు మొదటి కేసు. 1908 జనవరిలో మేరీ ష్లోండార్ఫ్ అనే ఆవిడ కడుపు నొప్పితో న్యూయార్క్ హాస్పిటల్‌లో చేరింది. గడ్డ ఉన్నట్టుంది, మత్తిచ్చి పరీక్ష చేస్తామన్నారు డాక్టర్లు. పరీక్షకి సరే, ఆపరేషన్ మాత్రం వద్దు అని తాను స్పష్టంగా చెప్పానని ఆవిడ వాదన. రాత్రి నర్సుకి కూడా ఆ మాట చెప్పానంది. కానీ మత్తులో ఉండగానే గడ్డ తీసేశారు. తర్వాత చేతికి గ్యాంగ్రీన్ వచ్చి కొన్ని వేళ్లు తీసేయాల్సి వచ్చింది.

1914లో తీర్పు వచ్చింది. రాసింది బెంజమిన్ కార్డోజో, తర్వాత అమెరికా సుప్రీంకోర్టు జడ్జి అయిన ఆయన. పేషెంట్ ఒప్పుకోకుండా ఆపరేషన్ చేయడం తప్పు అని ఆయన గట్టిగా చెప్పాడు. ఇప్పుడు మనం ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టే ఫారమ్ ఉంది కదా, ఆ ఆలోచన చరిత్రలో ఈ తీర్పుకి పెద్ద పేరుంది. కానీ ఇదే తీర్పులో ఇంకో భాగం ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. డాక్టర్ చేసిన దానికి హాస్పిటల్ బాధ్యత కాదు, ఎందుకంటే డాక్టర్ హాస్పిటల్ మనిషి కాదు అన్నారు. మరి నర్సు? నర్సు కూడా వైద్యం విషయంలో డాక్టర్ ఆర్డర్లే పాటిస్తుంది కాబట్టి, ఆ పని చేస్తున్నంతసేపు ఆమె కూడా హాస్పిటల్ మనిషి కాదట!

ఒక్కసారి ఆలోచించండి. జీతం హాస్పిటల్‌ది, యూనిఫామ్ హాస్పిటల్‌ది, డ్యూటీ చార్ట్ హాస్పిటల్‌ది. ఇంజెక్షన్ చేతిలోకి తీసుకున్న క్షణం నుంచి మాత్రం ఆమె ఎవరి మనిషో తెలియదు.

వేడినీళ్ల సంచి లాజిక్

ఈ రూల్ న్యూయార్క్‌లో 40 ఏళ్లకి పైగా నడిచింది. దీంతో కోర్టులకి ఒక వింత పని పడింది. నర్సు చేసిన ప్రతి పనినీ రెండు డబ్బాల్లో వెయ్యాలి. ఇది పరిపాలన పనా, వైద్యం పనా? పరిపాలన అయితే హాస్పిటల్ కట్టాలి, వైద్యం అయితే కట్టక్కర్లేదు.

ఫలితం ఎలా ఉండేదంటే, మూత సరిగ్గా పెట్టని వేడినీళ్ల సంచి పేషెంట్ ఒంటి మీద పెడితే అది పరిపాలన తప్పు. అదే సంచిని ఎక్కువసేపు ఉంచేస్తే అది వైద్యం తప్పు. ఒకరికి ఎక్కించాల్సిన రక్తం ఇంకొకరికి ఎక్కిస్తే పరిపాలన. సరైన మనిషికి తప్పు రక్తం ఎక్కిస్తే వైద్యం. జోక్ కాదు, పాత కేసుల్లో వచ్చిన ఈ తేడాలన్నీ 1957లో న్యూయార్క్ కోర్టే లిస్టు రాసి మరీ చెప్పింది.

ఆ 1957 కేసు పేరు బింగ్ వర్సెస్ థూనిగ్. ఆపరేషన్‌కి ముందు నర్సులు పేషెంట్ వీపుకి స్పిరిట్ కలిసిన మందు రాశారు. అది కింద దుప్పటికి అంటుకుంది. తడిసిందో లేదో ఎవరూ చూడలేదు. డాక్టర్ కరెంటు పరికరం వాడగానే అంటుకుని పేషెంట్‌కి ఒళ్లు కాలింది. కోర్టు ఈసారి పాత రూల్‌ని కొట్టేసింది. జనం హాస్పిటల్‌కి వచ్చేది హాస్పిటల్ బాగుచేస్తుందని నమ్మి, కేవలం బెడ్ అద్దెకి తీసుకోవడానికి కాదు, కాబట్టి అక్కడ పనిచేసేవాళ్ల తప్పుకి హాస్పిటలే జవాబుదారీ అంది.

సరే, నర్సు ఎవరి మనిషో తేలింది. కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. పేషెంట్ ఎవరి పేషెంట్? డాక్టర్ పట్టించుకోకపోతే నర్సు ఏం చెయ్యాలి?

వాసన వచ్చినా కదలని వార్డు

ఈ ప్రశ్నకి సూటిగా జవాబిచ్చిన కేసు ఇది. 1960 నవంబర్ 5. ఇల్లినాయిస్‌లో డోరెన్స్ డార్లింగ్ అనే 18 ఏళ్ల కుర్రాడు కాలేజ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో కాలు విరగ్గొట్టుకున్నాడు. చార్లెస్టన్ అనే చిన్న ఊరి హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. ఆ రోజు ఎమర్జెన్సీ డ్యూటీలో ఉన్నది జనరల్ డాక్టర్, ఎముకల స్పెషలిస్ట్ కాదు. ఆయన కాలు సరిచేసి పిండికట్టు వేశాడు.

కాసేపటికే విపరీతమైన నొప్పి. కాలి వేళ్లు వాచాయి, నల్లబడ్డాయి, చల్లబడ్డాయి, స్పర్శ పోయింది. కట్టు బిగుసుకుని రక్తం ఆడకపోతే కనిపించే గుర్తులివి. మర్నాడు డాక్టర్ వేళ్ల దగ్గర కట్టుకి కొంచెం గాటు పెట్టాడు. ఆ తర్వాత రోజు పైన కొంచెం కోశాడు. 8వ తేదీన రంపంతో రెండు పక్కలా కట్టు చీల్చాడు, ఆ కోతలో కాలు కూడా రెండు వైపులా తెగింది. భరించలేనంత దుర్వాసన వచ్చిందని సాక్షులు చెప్పారు.

అయినా ఆ కుర్రాడు అదే హాస్పిటల్‌లో నవంబర్ 19 వరకూ ఉన్నాడు. రెండు వారాలు! స్పెషలిస్ట్‌ని పిలిచినవాళ్లు లేరు. చివరికి సెయింట్ లూయిస్‌లోని బార్న్స్ హాస్పిటల్‌కి మార్చారు. అక్కడ కాలు కాపాడాలని చాలా ఆపరేషన్లు చేశారు. కుదర్లేదు. మోకాలికి 8 అంగుళాల కింద కాలు తీసేశారు.

కేసులో హాస్పిటల్ వాదన ఏంటో తెలుసా? వైద్యం చేసేది డాక్టర్, మేం కాదు. 1965లో ఇల్లినాయిస్ సుప్రీంకోర్టు ఈ వాదన ఒప్పుకోలేదు. అక్కడ తగినంత మంది శిక్షణ ఉన్న నర్సులు లేకపోవడం గురించి, ఉన్నవాళ్లు రక్తప్రసరణ చూడకపోవడం గురించి జ్యూరీ తప్పుపట్టొచ్చు అంది. రక్తం ఆడట్లేదని గమనిస్తే నర్సు ముందు డాక్టర్‌కి చెప్పాలి. డాక్టర్ ఏమీ చెయ్యకపోతే హాస్పిటల్ పెద్దలకి చెప్పాలి. వాళ్లు చర్య తీసుకోవాలి. ఇది కోర్టు చెప్పిన దాని సారాంశం.

ఆన్-కాల్ డ్యూటీ చేసిన సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్‌కి ఇది టక్కున వెలగాలి. దీన్నే మనం ఎస్కలేషన్ అంటాం. మొదటి మనిషి ఫోన్ ఎత్తకపోతే రెండో మనిషి, ఆయనా ఎత్తకపోతే మేనేజర్. నేను ఉద్యోగం చేసినప్పుడు అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఎవరికి ఏ వరసలో ఫోన్ వెళ్లాలో స్క్రీన్ మీద రాసి ఉండేది. అక్కడ పోయేది మహా అయితే ఎవరిదో ఒక పేమెంట్. మనిషి కాలు పోయే చోట ఆ వరస ఉండాలని చెప్పడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

గొంతు ఒక్కటే వినిపించిన డాక్టర్

కాగితం మీద రూల్ వచ్చింది. మరి వార్డులో నర్సు నిజంగా డాక్టర్‌ని దాటి వెళ్లగలదా? దీనికి ఒక ప్రయోగం ఉంది. 1966లో చార్లెస్ హాఫ్లింగ్ అనే సైకియాట్రిస్ట్, ఆయన టీమ్ దీన్ని పబ్లిష్ చేశారు.

22 మంది నర్సులు, నైట్ డ్యూటీ. వార్డుకి ఫోన్ వస్తుంది. "నేను సైకియాట్రీ నుంచి డాక్టర్ స్మిత్‌ని, ఫలానా పేషెంట్‌కి ఆస్ట్రోటెన్ 20 మిల్లీగ్రాములు ఇవ్వండి, పది నిమిషాల్లో వచ్చి సంతకం పెడతా" అనే తరహాలో. ఆ డాక్టర్‌ని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఫోన్‌లో మందు ఆర్డర్ తీసుకోవడం ఆ హాస్పిటల్ రూల్స్‌కే విరుద్ధం. పైగా డబ్బా మీద రోజుకి గరిష్ఠంగా 10 మిల్లీగ్రాములే అని రాసి ఉంది. మందు నిజానికి ఉత్త గ్లూకోజ్, ఎవరికీ హాని లేకుండా ముందే ఏర్పాటు చేశారు.

22 మందిలో 21 మంది మందు తీసుకుని పేషెంట్ వైపు బయల్దేరారు. బెడ్ చేరేలోపు వాళ్లని ఆపారు.

వెంటనే "అయ్యో, నర్సులకి బుర్ర లేదా" అనకండి. ఇలాంటి కాల్ వస్తే ఏం చేస్తారని విడిగా 12 మంది నర్సుల్ని అడిగితే, 10 మంది ఇవ్వం అనే అన్నారు. తెలియక కాదు. ఎదురు చెప్తే రేపు ఆ డాక్టర్‌తోనే పనిచెయ్యాలి. తిట్లు తినేది తనే. 1967లో లియోనార్డ్ స్టెయిన్ అనే ఇంకో సైకియాట్రిస్ట్ దీనికి డాక్టర్-నర్స్ గేమ్ అని పేరు పెట్టాడు. ఆయన గమనించింది ఇది: నర్సుకి ఏం చెయ్యాలో తెలుసు, కానీ సలహా ఇచ్చినట్టు కనపడకూడదు. డాక్టర్‌కే ఆ ఆలోచన వచ్చినట్టు మాట తిప్పి చెప్పాలి. మన భాషలో చెప్పాలంటే, "సార్, పేషెంట్ నిద్రపోవట్లేదు, పోయినసారి ఆ టాబ్లెట్‌తో బాగానే పడుకున్నారు" అనాలి. "ఆ టాబ్లెట్ రాయండి" అనకూడదు.

పేషెంట్ బాధ్యత ఎవరిదో తెలిసినప్పుడే ఇంత కష్టం. అసలు తెలియనప్పుడు?

1984 మార్చి 4, రాత్రి 11:30

మళ్లీ న్యూయార్క్ హాస్పిటల్. ష్లోండార్ఫ్ కేసు జరిగిన అదే సంస్థ. లిబ్బీ జియాన్ అనే 18 ఏళ్ల కాలేజ్ అమ్మాయి జ్వరంతో, ఒళ్లు అదురుతూ ఎమర్జెన్సీకి వచ్చింది. ఆమె అప్పటికే డిప్రెషన్‌కి ఫెనెల్జీన్ అనే మందు వాడుతోంది.

ఇక్కడ బాధ్యత ఎలా పంచుకున్నారో చూడండి. పేరుకి పేషెంట్ ఫ్యామిలీ డాక్టర్‌ది. ఆయన ఫోన్‌లో మాట్లాడాడు, హాస్పిటల్‌కి రాలేదు. చూసింది ఇద్దరు జూనియర్లు. ఒకరు డాక్టరై ఏడాది కూడా నిండని ఇంటర్న్, ఇంకొకరు రెండో ఏడాది రెసిడెంట్. తెల్లవారుజామున మెపెరిడిన్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. ఈ మందు ఫెనెల్జీన్‌తో కలిస్తే ప్రాణాంతకం కావచ్చు. తర్వాత రెసిడెంట్ పక్క బిల్డింగ్‌లో పడుకోవడానికి వెళ్లాడు, పిలిస్తే వస్తాడు. ఇంటర్న్ ఒక్కరే దాదాపు 40 మంది పేషెంట్లని చూసుకోవాలి.

అమ్మాయి బెడ్ మీద గింజుకోవడం మొదలుపెట్టింది. నర్సులు ఇంటర్న్‌కి కనీసం రెండుసార్లు ఫోన్ చేశారు. కాళ్లూ చేతులూ కట్టమని, ఇంకో ఇంజెక్షన్ ఇవ్వమని ఫోన్‌లోనే ఆర్డర్ వచ్చింది. ఇంటర్న్ వేరే పేషెంట్ల దగ్గర ఇరుక్కుపోయారు. ఉదయం ఆరున్నరకి టెంపరేచర్ చూస్తే 107 ఫారన్‌హీట్. కాసేపటికి గుండె ఆగిపోయింది.

ఆ రాత్రి లెక్కేస్తే ఈ అమ్మాయికి ముగ్గురు డాక్టర్లు ఉన్నారు. బెడ్ దగ్గర ఒక్కరూ లేరు.

తండ్రి సిడ్నీ జియాన్ జర్నలిస్టు, లాయర్ కూడా. వదల్లేదు. గ్రాండ్ జ్యూరీ డాక్టర్ల మీద క్రిమినల్ కేసు పెట్టలేదు, కానీ హాస్పిటల్ వ్యవస్థని ఉతికి ఆరేసింది. న్యూయార్క్ రాష్ట్రం బర్ట్రాండ్ బెల్ అనే డాక్టర్ నాయకత్వంలో కమిటీ వేసింది. 1989లో రూల్స్ వచ్చాయి: జూనియర్ డాక్టర్ వారానికి 80 గంటలు, ఏకధాటిగా 24 గంటలకి మించి పనిచెయ్యకూడదు. 1995లో సివిల్ కేసు తీర్పు కూడా వచ్చింది. జ్యూరీ కొంత తప్పు డాక్టర్ల మీద, కొంత లిబ్బీ మీద కూడా వేసింది. ఆమె కొకైన్ వాడిందా అనేది కోర్టులో పెద్ద వివాదం.

అందరూ మర్చిపోయిన సగం

ఇప్పుడు అసలు పాయింట్. ఈ కేసు గురించి ఎక్కడ చదివినా 80 గంటల రూలే కనిపిస్తుంది. అలసిపోయిన డాక్టర్ కథలా చెప్తారు. కానీ బెల్ మాత్రం తర్వాత చాలా ఏళ్లు ఒకే మాట చెప్పుకుంటూ వచ్చాడు: గంటల కంటే ముఖ్యం పర్యవేక్షణ. అంటే అనుభవం ఉన్న డాక్టర్ రాత్రి కూడా హాస్పిటల్‌లో ఉండాలి. ఆ 1989 రూల్స్‌లో అది కూడా ఉంది. అందరికీ గుర్తున్నది మాత్రం గంటలే. ఎందుకంటే గంటలు లెక్కపెట్టడం ఈజీ, బాధ్యత లెక్కపెట్టడం కష్టం.

2003లో 80 గంటల పరిమితి అమెరికా మొత్తానికి వచ్చింది. మంచిదే, డాక్టర్లు కూడా మనుషులే. కానీ దీనికి ఇంకో వైపు ఉంది. గంటలు తగ్గితే షిఫ్టులు పెరుగుతాయి. షిఫ్టులు పెరిగితే పేషెంట్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారడం పెరుగుతుంది. పొద్దున ఒక డాక్టర్, సాయంత్రం ఇంకొకరు, రాత్రి ముక్కూ మొహం తెలియని మూడో మనిషి. ఈ మూడో మనిషే నర్సు ఫోన్ ఎత్తాలి. మన తెలుగు రాష్ట్రాల నుంచి ఎంబీబీఎస్ చేసి అమెరికాలో రెసిడెన్సీ చేసేవాళ్లు ఎవరైనా మీకు తెలిస్తే అడగండి, క్రాస్ కవర్ నైట్ ఎలా ఉంటుందో. వాళ్లు ఆ మూడో మనిషే.

మూడు పరిష్కారాలు

ప్రయత్నాలు జరగలేదని కాదు. మూడు చెప్తా.

ఒకటి, 1996లో రాబర్ట్ వాక్టర్, లీ గోల్డ్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు హాస్పిటలిస్ట్ అనే మాట పుట్టించారు. బయట క్లినిక్ పెట్టుకోకుండా, హాస్పిటల్లోనే ఉంటూ అడ్మిట్ అయినవాళ్లని మాత్రమే చూసే డాక్టర్. 20 ఏళ్లలో అమెరికాలో వీళ్ల సంఖ్య 50,000 దాటింది. నర్సుకి లాభం ఏంటంటే, కనీసం ఒక మనిషి బిల్డింగ్‌లో ఉంటాడు.

రెండు, చేతులు మారేటప్పుడు చెప్పే పద్ధతి. ఐ-పాస్ అనే ఫార్మాట్ తయారుచేశారు. పేషెంట్ ఎంత సీరియస్, కథ ఏంటి, ఏం పనులు మిగిలాయి, రాత్రి ఏం జరగొచ్చు, జరిగితే ఏం చెయ్యాలి. చివర్లో విన్నవాళ్లు తిరిగి అప్పజెప్పాలి. 2014లో 9 పిల్లల వైద్య విభాగాల్లో చేసిన స్టడీలో తప్పులు 23 శాతం, నివారించదగ్గ హాని 30 శాతం తగ్గాయి. కొత్త మెషీన్ లేదు, కొత్త మందు లేదు. సరిగ్గా మాట్లాడుకున్నారు, అంతే.

మూడు, బ్రిటన్‌ది. స్టాఫర్డ్ హాస్పిటల్‌లో పేషెంట్లని ఘోరంగా నిర్లక్ష్యం చేసిన ఉదంతం మీద 2013లో ఫ్రాన్సిస్ రిపోర్ట్ వచ్చింది. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం ఒక సింపుల్ మాట అంది: ప్రతి బెడ్ పైన బాధ్యత ఉన్న డాక్టర్ పేరు, నర్సు పేరు రాయండి. ఒక చిన్న వైట్‌బోర్డ్. 1908 నుంచి నడుస్తున్న గొడవకి ఒక మార్కర్ పెన్!

మన దగ్గర?

మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో యూనిట్ పద్ధతి ఉంది. ఏ రోజు అడ్మిట్ అయితే ఆ రోజు యూనిట్ కింద కేసు. అందుకే గాంధీలోనో కేజీహెచ్‌లోనో ఎవర్ని అడిగినా ముందు "ఏ యూనిట్?" అంటారు. నిజానికి ఇది బెడ్ పైన పేరు లాంటిదే, మంచి ఆలోచన. కానీ రాత్రి ఆ యూనిట్ అంటే ఆచరణలో ఒక పీజీ, ఒక హౌస్ సర్జన్. కార్పొరేట్‌లో ఇంకో రకం. బోర్డు మీద పెద్ద కన్సల్టెంట్ పేరు ఉంటుంది, ఆయన మధ్యాహ్నానికి ఇంకో హాస్పిటల్‌లో ఉంటాడు. రాత్రంతా నడిపేది డ్యూటీ డాక్టర్, సిస్టర్లు. షుగర్, కిడ్నీ, గుండె మూడూ ఉన్న పెద్దాయనకి కేస్ షీట్‌లో నాలుగు సంతకాలు ఉంటాయి, ఓనర్ ఎవరో సిస్టర్ వెతుక్కోవాలి. పేషెంట్ తాలూకు వాళ్లు వచ్చి అరిచేది కూడా ఆమె మీదే, ఎదురుగా కనపడేది ఆమె ఒక్కతే కాబట్టి.

కాబట్టి మీ ఇంట్లో ఎవరన్నా అడ్మిట్ అయితే మొదటి రోజే రెండు ప్రశ్నలు అడగండి. అన్నిటికీ కలిపి ఫైనల్ నిర్ణయం ఏ డాక్టర్‌ది? ఈ రాత్రి ఏదన్నా అయితే సిస్టర్ ఎవరికి ఫోన్ చేస్తారు, ఆయన రాకపోతే ఆ తర్వాత ఎవరికి? జవాబులు ఫోన్‌లో నోట్ చేసుకోండి, సిస్టర్‌కి కూడా ఆ పేర్లు తెలుసో లేదో మర్యాదగా కనుక్కోండి. ఇది డాక్టర్ మీద అనుమానం కాదు. రాత్రి రెండున్నరకి ఆ ఫోన్ చెయ్యాల్సిన మనిషికి మీరు చేసే సాయం.

మీ చూసేవాళ్లలో నర్సింగ్ చదువుతున్నవాళ్లు, చేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మీ వార్డులో ఈ ప్రశ్నకి జవాబు ఎక్కడ రాసి ఉంటుందో కింద చెప్పండి, మంచి పద్ధతులుంటే ఇంకో ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటా మరి, బై.